జానెడు సొర

ఆదివారం తెల్లారకముందే నెల్లూరు వ్యాను
ప్రొద్దుటూరు మార్కెట్టు వెనక ఆగుతాది.
థర్మకోల్ పెట్టెల సందుల్లోంచి నీళ్లు కారి
దుమ్ములో గీతలు పడతాయి.
మా పక్కకు సముద్రం వచ్చేది అంతే,
వారానికొకసారి, కరిగిపోతా.

నేను ఎర్రగుంట్లలో బండలు పాలీషు పడతా.
కడప బండ. నల్లంది.
నీళ్లు పోసి మిషను తిప్పితే మొగం కనపడతాది.
కొన్ని బండల మీద అలలుంటాయి,
ఏరు వెనక్కి పోయినాక ఇసక మీద మిగిలినట్టు,
చెయ్యి పెడితే వేళ్లకు తగుల్తాయి.
ఒకప్పుడు ఈడంతా సముద్రమని
కాలేజీ పిల్లోళ్లతో వచ్చిన సారు చెప్పినాడు,
చేపలు కూడా పుట్టకముందరి సముద్రమంట.
మా సేటు మాత్రం
"గిరాకీకి అలలొద్దప్పా, నున్నగా కొట్టు" అంటాడు.
కొడతా.
పూటకు నాలుగు సముద్రాలు
బూడిద బురదై కాలవలో పోతాయి.

ఆ ఆదివారం సొర కోసం పోయినా.
మా ఓబుళమ్మకు కాన్పై తొమ్మిది దినాలు,
పాలు పడలా.
పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాది.
సొర పొరుటు పెట్టమన్నాది మా అత్త.

దస్తగిరమ్మ ముప్పై ఏండ్లుగా అదే గోనెపట్టా మీద.
సముద్రం చూసినావా అంటే లేదంటాది.
"చూసేదేముంది, పెట్టె మూత తీస్తే
దాని బాగోగులు తెలుస్తాయి.
మా అత్త కాలంలో సొర అంటే
సైకిలు క్యారేజీకి కడితే తోక నేల రాసేది.
నేను కూచున్నప్పుడు బారెడు.
ఇప్పుడు చూడు, జానెడు.
ఇవి సొరలా? సొరపిల్లోళ్లు."

వ్యాను తోలే చలమయ్య బీడీ ముట్టిచ్చినాడు.
"పెద్ద బోట్లక్కా, అడుగంతా ఊడ్చేస్తాయి.
వల కన్ను చూస్తే దోమతెర.
చలికాలం ఒడ్డు మీద తాబేళ్లు చూడాల నువ్వు,
గుడ్లు పెట్టేకి వస్తా వలలో ఇరుక్కోని
ఊపిరాడక చస్తాయి.
నీళ్లలో బతికేది నీళ్లలోనే మునిగి చస్తాది.
ఒకనాడు లెక్క పెట్టినా. పదిహేడు కాడ ఆపేసినా."

పెట్టె అడుగున చెయ్యి పెట్టి
దస్తగిరమ్మ ఒకటి లాగింది. మూరకు పైనే.
"నీ బిడ్డ అదృష్టం. ఎన్నాళ్లాయె ఇంతది చూసి."
ఐసు తుడిచి కడుపు కోసింది.
కత్తి ఆగిపోయింది.

లోపల ఐదు.
ఒక్కోటి అరచెయ్యంత.
ఒక్కోదానికి బొడ్డుతాడు.
ఆసుపత్రి గుడ్డలో నా బిడ్డకు
నేను చూసిందే, అట్లాంటిదే.

ఎవరం మాట్లాడలేదు.
ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకోని
"తీసుకుంటావా?" అన్నాది.
ఇంట్లో పిల్ల ఏడుస్తాంది. తీసుకున్నా.
ఐదింటినీ వేరే కవర్లో వేసి
"కుక్కలకెయ్యొద్దు" అని మాత్రం అన్నాది.
ఇరవై తక్కువ తీసుకున్నాది.

ముక్కలు కొడతా చెప్పింది:
"దీనికి ముండ్లుండవు, అంతా మెత్తెముకే,
నమిలితే పోతాది."
అంటే బండలో కూడా నిలవదు.
నీళ్లు పోయినా అల మిగిలింది మా ఊర్లో.
సొర పోతే నాలుగు పండ్లు, అంతే.

వచ్చేటప్పుడు పెన్న వంతెన మీద బండి ఆపినా.
నీళ్లు లేవు. ఇసకా తగ్గింది.
కంపచెట్లకు కవర్లు, పాల పాకెట్లు,
గుట్కా చీటీలు తగులుకోని రెపరెపలాడతాండాయి.
ఏరొస్తే ఇవన్నీ పోతాయి,
సోమశిల గేట్లెత్తితే నెల్లూరు దాటి పోతాయి.
వ్యాను రావడమే తెలుసు నాకు ఇన్నాళ్లు,
మనూర్నుంచి కూడా ఒకటి
సముద్రానికి పోతా ఉందని అనుకోలేదు.

దిగి, చేతుల్తో చెలమ తీసినట్టు తవ్వినా.
మోచెయ్యి లోతున తడి తగిలింది.
ఐదింటినీ ఆ తడిలో పెట్టినా.

మూడో దినం పాలు పడినాయి.
సొర వల్లనో, వాటంతటవే పడినాయో.
ఓబుళమ్మకు బొడ్డుతాళ్ల సంగతి చెప్పలా.

కవరు కడిగి, మడిచి,
సొక్కా జేబులో పెట్టుకున్నా.
ఇంకా ఆడనే ఉండాది.
యాడ పారేయాల్నో తెలీడంలా.